కడిగేకొద్దీ తెల్లబోయిన నల్లమట్టి: ఒకే సంచిలో రెండు రాళ్లు

పని చిన్నదే. ఒక చిత్రకారుడికి ఒకే ముడిసరుకు నుంచి మూడు రకాల నలుపు కావాలి: నూనె రంగుకి ఒకటి, నీటి రంగు బిళ్ళలకి ఒకటి, తడి సున్నం గోడ మీద వేయడానికి ఒకటి. ఎముకల బొగ్గు, దీపపు మసి వద్దు, నేలలో దొరికే నలుపే కావాలి. వచ్చిన ముడిసరుకు 3 కిలోలు. సంచి మీద 'నల్లమట్టి' అని తప్ప ఇంకేమీ రాసి లేదు.

మొదటి విడతగా 500 గ్రాములు తీసుకుని, జేగురు కడిగినట్టే కడిగాం. దంచి, నానబెట్టి, కలియబెట్టి, ఇసుక దిగాక పైనున్న మబ్బు నీళ్లు వంచుకుని, అందులో పేరుకున్న మడ్డిని ఆరబెట్టాం. జేగురు విషయంలో ఈ పద్ధతికి వంక పెట్టలేం. ఇక్కడ మాత్రం మూడు చోట్ల దెబ్బతీసింది. ఆరిన పొడి నలుపుగా లేదు, గోధుమ ఛాయ కలిసిన బూడిద రంగులో ఉంది. దాన్ని నూనెలో నూరి కాస్త మందంగా పూస్తే పైపొర తొందరగా ఆరి ముడతలు పడింది, అడుగు మాత్రం మెత్తగానే ఉండిపోయింది. సున్నం నమూనా మీద కొన్ని వారాలకి తెల్లటి ఉప్పు పూసింది.

మూడింటికీ మూలం ఒకటే: సంచిలో ఉన్నది ఒక రాయి కాదు.

జేగురులో రంగునిచ్చే ఐరన్ ఆక్సైడ్ చాలా సన్నటి రేణువుల్లో ఉంటుంది, బంకమట్టితో పాటే నీళ్లలో తేలుతుంది. అందుకే ఎంత సన్నటి వంతు తీస్తే అంత మంచి రంగు. నలుపుకి ఆ లెక్క కుదరదు. నేలలో దొరికే నలుపుకి ముఖ్యంగా మూడు కారణాలు: కార్బన్, మాంగనీస్ ఆక్సైడ్, మాగ్నటైట్ అనే నల్ల ఇనుప ఆక్సైడ్. కార్బన్ తేలిక. మిగతా రెండూ బరువైనవి, సాంద్రత 5 దగ్గర ఉంటుంది. వాటిని పట్టుకుని ఉండే బంకమట్టి, క్వార్ట్జ్ ఇసుకల సాంద్రత 2.6, 2.7. బరువైన నలుపు ఉన్న మట్టిని జేగురులా కడిగితే, వంచుకున్న నీళ్లలో వచ్చేది బంకమట్టి. రంగేమో ఇసుకతో పాటు అడుగున పారబోతకి పోతుంది. ఇక్కడ జరిగింది అదే.

పేర్లు చూసి మోసపోవడం ఈ సరుకులో మామూలే. ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ బొమ్మల్లో నలుపు మాంగనీస్ ఆక్సైడ్. పునరుజ్జీవన కాలపు ఇటలీ చిత్రకారులు గీతలకి వాడిన నల్ల సుద్ద కార్బన్ ఉన్న పలకరాయి. రష్యాలోని కరేలియాలో దొరికే షుంగైట్ కూడా కార్బన్ రాయే, కాకపోతే అందులో కార్బన్ పాలు చాలా ఎక్కువ. మూడింటినీ నల్లమట్టి అనే అమ్మవచ్చు. కొనేటప్పుడు కలర్ ఇండెక్స్ సంఖ్య (రంగు పదార్థాలకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) అడగడం మేలు: పీబీకే 14 అంటే మాంగనీస్ డయాక్సైడ్, పీబీకే 11 అంటే నల్ల ఇనుప ఆక్సైడ్, పీబీకే 9 అంటే ఎముకల నలుపు. ఈ సంచికి సంఖ్య లేదు కాబట్టి పరీక్షలతోనే తేల్చాల్సి వచ్చింది.

రాళ్లని వేరుచేయడం

మిగిలిన 2.5 కిలోలు తెల్ల కాగితం మీద పోసి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. కొన్ని ముక్కలు పొరలు పొరలుగా విడిపోతాయి, చేతికి తేలిగ్గా ఉంటాయి, అంచు గీస్తే కాగితం మీద బూడిదనలుపు గీత పడుతుంది. మిగతావి ముద్దలుముద్దలుగా, పరిమాణానికి మించిన బరువుతో, పగుళ్లలో లేత గోధుమ మట్టితో ఉన్నాయి. ముట్టుకుంటే వేళ్లకి మసిలాంటి నలుపు అంటుతుంది.

కన్ను చెప్పింది చాలదు. నాలుగు పరీక్షలు చేస్తే అనుమానం తీరిపోతుంది.

గీటు: మెరుగు లేని పింగాణీ బిళ్ళ వెనక వైపు గీయాలి. పొరల రాయి బూడిదనలుపు గీటునిచ్చింది, ముద్దరాయి గోధుమ నలుపు. ఎర్రటి గీటు వస్తే అది హెమటైట్, నలుపు పనికి రాదు.

అయస్కాంతం: ప్లాస్టిక్ సంచిలో చుట్టి పొడిలో తిప్పాలి. చుట్టకుండా తిప్పితే దాన్ని మళ్లీ శుభ్రం చేయడం నరకం. రెండు రాళ్లలోనూ చెప్పుకోదగ్గది ఏదీ అంటుకోలేదు, కాబట్టి మాగ్నటైట్ లెక్కలోంచి పోయింది.

హైడ్రోజన్ పెరాక్సైడ్: మందుల దుకాణంలో దొరికే 3 శాతం ద్రావణం చాలు. చిటికెడు పొడి వెడల్పు గిన్నెలో వేసి నాలుగు చుక్కలు పోయాలి. మాంగనీస్ ఆక్సైడ్ ఉంటే క్షణాల్లో బుసబుసమని నురగ లేస్తుంది. పెరాక్సైడ్ విరిగి ఆక్సిజన్ వదులుతుంది, మాంగనీస్ ఖర్చు కాకుండా ఆ పని చేయిస్తూనే ఉంటుంది. ముద్దరాయి ఇలా పొంగింది, పొరల రాయి దాదాపు ఉలకలేదు. మూత పెట్టిన సీసాలో ఈ పరీక్ష ఎప్పుడూ చేయకూడదు, వాయువు ఒత్తిడికి సీసా పగులుతుంది. మాంగనీస్ రాయి మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి చూద్దామనే ఆలోచన కూడా వద్దు, క్లోరిన్ వస్తుంది. సున్నపురాయి కలిసిందేమో చూడటానికి వెనిగర్ సరిపోతుంది.

కాల్చడం: ఆరుబయట, స్టీలు గరిటెలో చిటికెడు పొడి వేసి గ్యాస్ టార్చ్‌తో ఎర్రగా కాల్చాలి. పొరల రాయిలో కార్బన్ కాలిపోయి పొడి లేత గులాబీ బూడిద రంగుకి తిరిగింది. ముద్దరాయి నల్ల గోధుమగానే ఉంది. కాలుస్తున్నప్పుడు పొరల రాయి నుంచి గంధకం వాసన వచ్చింది. దీని సంగతి సున్నం దగ్గరికి వచ్చాక.

కడగడం, ఈసారి లెక్కతో

నీళ్లలో రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి, నీటికన్నా అది ఎంత బరువన్నదాన్ని బట్టి ఉంటుంది. స్టోక్స్ సూత్రం ఇదే. 20 డిగ్రీల నీళ్లు, 20 సెంటీమీటర్ల ఎత్తు అనుకుంటే, 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) బంకమట్టి లేదా క్వార్ట్జ్ రేణువు అడుగు చేరడానికి దాదాపు 9 నిమిషాలు పడుతుంది. 40 మైక్రాన్లదైతే రెండుంబావు నిమిషాలు. 10 మైక్రాన్లదైతే 36 నిమిషాలు. అదే 20 మైక్రాన్ల గట్టి మాంగనీస్ డయాక్సైడ్ రేణువు 4 నిమిషాల్లోపే దిగిపోతుంది. మాంగనీస్ రాయి తరచూ గుల్లగా ఉంటుంది కనక అసలు సమయం ఈ రెండింటి మధ్యలో ఎక్కడో పడుతుంది. నీళ్లు 30 డిగ్రీలుంటే అన్నీ ఐదో వంతు తొందరగా దిగుతాయి. వేసవిలో, చలికాలంలో ఒకే గడియారం పెట్టుకుంటే వంతులు మారిపోయేది ఇందుకే.

ముందు చిన్న నమూనా తీసి చూడాలి. 100 మెష్ (అంగుళం పొడవుకి 100 కన్నాలున్న) జల్లెడ దాటిన పొడి 50 గ్రాములు, నిటారైన గాజు జాడీలో 20 సెంటీమీటర్ల నీళ్లు. బాగా కలియబెట్టి 1 నిమిషం ఆగి పై నీళ్లు మెల్లగా రెండో జాడీలోకి వంచాలి. ఆ జాడీని మళ్లీ కలియబెట్టి, 5 నిమిషాలు ఆగి మూడో దాంట్లోకి. తర్వాత 20 నిమిషాలు ఆగి నాలుగో దాంట్లోకి. ప్రతిసారీ నీళ్ల ఎత్తు 20 సెంటీమీటర్లకి తేవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. నీళ్లు మబ్బుగా నిలవకుండా విరిగిన పాలలా గడ్డలు కట్టి ఒక్కసారిగా దిగిపోతే అందులో కరిగే లవణాలున్నట్టు. నీళ్లు రెండు మూడుసార్లు మార్చి మళ్లీ మొదలుపెట్టాలి.

నాలుగు వంతులూ ఆరాక పొడి చూసి తీర్పు చెప్పకూడదు. పొడిలో రేణువుల మధ్య గాలి ఉంటుంది. గాలి వక్రీభవన సూచిక 1, బంకమట్టిది 1.55 దగ్గర. ఆ తేడా వల్ల వెలుగు చెదిరి నల్లటిది కూడా బూడిదగా కనిపిస్తుంది. అవిసె నూనె సూచిక 1.48. నూనె తగలగానే బంకమట్టి దాదాపు పారదర్శకమై వెనకున్న నలుపు బయటపడుతుంది. కాబట్టి ఒక చుక్క నూనెతో నలిపి చూడాలి, ఆపైన 1 గ్రాము పొడికి 10 గ్రాముల టైటానియం వైట్ నూనె రంగు కలిపి పక్కపక్కన పూయాలి. నలుపు బలం తెల్లలో కలిపినప్పుడే తెలుస్తుంది.

మాంగనీస్ రాయిలో బలమైన వంతు 1 నిమిషానికీ 5 నిమిషాలకీ మధ్య దిగింది. 20 నిమిషాల తర్వాత కూడా తేలుతున్నది మట్టి గోధుమ రంగు. మొదటి విడతలో 'మేలైన రంగు' అని దాచుకున్నది ఇదే! దీన్నిబట్టి పని క్రమం తిరగేయాలని తేలింది. ముందు నూరకూడదు. ముద్దలని బఠాణీ గింజంత ముక్కలు చేసి ఒక రాత్రి నానబెట్టాలి, చేత్తో పిసికి పగుళ్లలోని మట్టిని వదిలించాలి, మబ్బు నీళ్లు తేటపడేదాకా వంచేయాలి. ముందే నూరితే బంకమట్టి, మాంగనీస్ రెండూ ఒకే సన్నదనానికి వచ్చి విడదీయడం అసాధ్యమవుతుంది.

మట్టి పోయాక మిగిలేది మాంగనీస్, ఇసుక. దీన్ని 60 మెష్‌కి దంచి, వెడల్పు తట్టలో బియ్యం గాలించినట్టు గాలించాలి. తట్టని కొద్దిగా వాల్చి గుండ్రంగా ఊపుతుంటే తేలికైన ఇసుక నీళ్లతో పాటు వాలిన అంచు వైపు జరుగుతుంది, నలుపు అడుగున నిలుస్తుంది. ఒకే సైజు రేణువులైతేనే ఇది బాగా పనిచేస్తుంది, అందుకే 60 దాటి 100 మీద ఆగినదాన్ని విడిగా, 100 దాటినదాన్ని విడిగా గాలించాలి. ఇక్కడ ఓపిక పడితే తర్వాత రంగు నూరే గాజు పలక బతుకుతుంది. మల్లర్ (పలక మీద రంగు నూరే గాజు రాయి) కింద కరకరమని గీరుకుపోయే చప్పుడు వస్తోందంటే క్వార్ట్జ్ మిగిలి ఉన్నట్టు, ఎంత నూరినా అది పోదు, పలకే అరుగుతుంది. గాలించిన నలుపుని నీళ్లతో తడి రుబ్బుగా నూరి, 20 సెంటీమీటర్ల జాడీలో 4 నిమిషాలాగి పైది వంచుకోవాలి. అడుగున దిగింది మళ్లీ నూరుడుకి పోతుంది.

పలకరాయి, అంటే పైన పొరల రాయి అన్నదాని కథ వేరు. అందులో కార్బన్ బంకమట్టి పొరల మధ్య చెదిరి ఉంటుంది, కడిగి వేరుచేయలేం. కడగడం కేవలం లవణాలు, ఇసుక తీయడానికే. ఇందులో కార్బన్ కొద్ది శాతమే కాబట్టి మరీ సన్నగా నూరితే వెలుగు చెదరడం పెరిగి పొడి బూడిదబారుతుంది. 325 మెష్, అంటే 45 మైక్రాన్ల దగ్గర ఆపేయడం మంచిది. మిగిలిన సన్నదనం మల్లర్ చూసుకుంటుంది.

నూనెలో

ముడతలకి రెండు కారణాలు కలిసొచ్చాయి. మాంగనీస్ నూనెని తొందరగా ఆరబెట్టే గుణమున్నది. అంబర్ అనే గోధుమ మట్టి రంగులు చకచకా ఆరడానికి కారణం అదే. మొదటి విడతలో బంకమట్టి ఎక్కువ కాబట్టి ముద్ద కావడానికి నూనె విపరీతంగా తాగింది. ఎక్కువ నూనె, పైన తొందరగా కట్టే పొర: పైపొర ఆక్సిజన్ పీల్చుకుని ఉబ్బుతుంది, కింద నూనె ఇంకా మెత్తగానే ఉంటుంది కాబట్టి ఆ పొర వెళ్లడానికి చోటు లేక ముడుచుకుంటుంది.

బంకమట్టి పోయిన మాంగనీస్ నలుపు నూనె చాలా తక్కువ పీలుస్తుంది. 100 గ్రాముల పొడికి 15 గ్రాముల నూనెతో మొదలుపెట్టి, ప్యాలెట్ కత్తితో గట్టిగా నొక్కుతూ చుక్కచుక్కగా పెంచాలి. పొడి పొడిగా రాలడం మాని ఒకే ముద్దగా కత్తికి అంటుకునే చోట ఆగాలి. నూరేటప్పుడు అది ఇంకా వదులవుతుంది, అందుకే మొదట్లో కాస్త గట్టిగా అనిపించడమే సరైన గుర్తు. అవిసె నూనె బదులు వాల్‌నట్ లేదా కుసుమ నూనె వాడితే ఆరడం నెమ్మదిస్తుంది. 100 గ్రాముల ముద్దకి 2, 3 చుక్కల లవంగ నూనె కూడా ట్యూబులో గడ్డకట్టకుండా కాపాడుతుంది. కోబాల్ట్ డ్రయర్ లాంటివి దీని దగ్గరికి రానివ్వకూడదు. పూత పలచగా ఉండాలి. తొందరగా ఆరేది కాబట్టి ఈ రంగు కింది పొరలకి బాగా నప్పుతుంది, మందపాటి పైపూతలకి కాదు.

పలకరాయి నలుపుకి ఈ బాధ లేదు. మామూలు అవిసె నూనెలో కుదురుగా నూరుతుంది, తెల్లలో కలిపితే చల్లని బూడిద రంగునిస్తుంది. మాంగనీస్ది వెచ్చని, కాస్త గోధుమ వైపు వాలే బూడిద. ముఖంలో నీడలకి మాంగనీస్ది, మబ్బులకి పలకరాయిది బాగుంటాయని మా అభిప్రాయం. కారునలుపు కావాలంటే రెండూ ఇవ్వవు, దానికి ఎముకల నలుపే దిక్కు.

సున్నంలో తెల్ల ఉప్పు

గంధకం వాసన చెప్పింది పైరైట్ గురించి, అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం గురించి. 10 రెట్ల భూతద్దంలో పలకరాయి పొరల అంచున ఇత్తడి రంగు చుక్కలు కనబడ్డాయి. పైరైట్‌కి గాలి, తేమ తగిలితే ఆక్సీకరణం చెంది ఇనుప సల్ఫేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లం వస్తాయి. సున్నంలో ఆ సల్ఫేట్ కాల్షియంతో కలిసి జిప్సం అవుతుంది. అది కరిగి, గోడ ఆరే కొద్దీ పైకి వచ్చి స్ఫటికాలు కడుతుంది. పైనే ఉంటే ఉప్పు పూత, లోపల కడితే పెచ్చులు లేస్తాయి.

చూసి వదిలేయకుండా కొలవాలి. 10 గ్రాముల పొడిని 10 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌తో ముద్ద చేసి పీహెచ్ కాగితం పెట్టాలి. మూత బిగించకుండా, ఎండిపోతే అదే నీళ్లు కొంచెం చల్లుతూ రెండు వారాలు ఉంచి మళ్లీ చూడాలి. మొదట 6 చూపి తర్వాత 4 చూపిందంటే పైరైట్ పని చేస్తోంది. మొదటే 4 ఉంటే అప్పటికే చేసేసింది. ఈ పలకరాయి మొదటి రకం. పైరైట్ కూడా బరువైనదే కాబట్టి ముతక దంపులో గాలిస్తే పెద్ద చుక్కలు పోతాయి. సన్నవి పోవు. కరిగిన సల్ఫేట్‌ని కడిగి తీసినా లోపల మిగిలిన పైరైట్ మళ్లీ తయారుచేస్తుంది. కాల్చితే పైరైట్ పోతుంది గానీ నలుపూ పోతుంది. కాబట్టి ఈ పలకరాయిని సున్నం గోడకి వాడకూడదని తేల్చేశాం. తడి ముద్దగా నిలవ చేయడం కూడా వద్దు. కడిగి, 40 డిగ్రీలకి మించని వేడిలో పూర్తిగా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో పొడిగానే ఉంచాలి.

మాంగనీస్ నలుపు సున్నానికి తట్టుకుంటుంది. కానీ కడుగుడు నీళ్లలో లవణాలు మిగలకూడదు. టీడీఎస్ మీటర్‌తో పోసిన నీళ్లు, వంచిన నీళ్లు రెండూ కొలిచి, తేడా పూర్తిగా తగ్గేదాకా నీళ్లు మార్చాలి, చివరి రెండు కడుగుళ్లు డిస్టిల్డ్ వాటర్‌తో. తర్వాత ఆరబెట్టకుండా నీళ్ల కింద ముద్దగానే సీసాలో ఉంచితే గడ్డలు కట్టదు, వాడేముందు మళ్లీ నూరే శ్రమ తప్పుతుంది. మసి నలుపుల్లా ఇది నీళ్ల మీద తేలి మొరాయించదు. సున్నం ఆరాక రంగు బాగా లేతబడుతుంది, అందుకే అదే సున్నంతో పూసిన పెంకు మీద వేసి, పూర్తిగా ఆరాకే ఛాయ నిర్ణయించుకోవాలి.

నీటి రంగు బిళ్ళలు

గమ్ అరబిక్ 1 వంతు, వేడి నీళ్లు 2 వంతులు తూకంలో కలిపి ఒక రాత్రి నాననిచ్చి వడకట్టాలి. ఆ ద్రావణం 100 గ్రాములకి తేనె 15 గ్రాములు, లవంగ నూనె 3 చుక్కలు. పలకరాయి పొడి 20 గ్రాములకి ఈ ద్రావణం 14 గ్రాములతో మొదలుపెట్టి, కాగితం మీద పూసి ఆరాక వేలితో రుద్ది చూడాలి. నలుపు వేలికి అంటితే జిగురు చాలలేదు, మెరుస్తూ పగిలితే ఎక్కువైంది. బంకమట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి బిళ్ళని ఒకేసారి నింపితే నడిమికి పగులుతుంది, మూడు పలచటి పొరలుగా, ఒకటి ఆరాక ఒకటి పోయాలి. మాంగనీస్‌కి జిగురు కాస్త తక్కువ చాలుతుంది. అది బరువు వల్ల గరుకు కాగితం గుంటల్లో దిగి చుక్కచుక్కలుగా కనిపిస్తుంది. కొందరు కోరుకునేదే అది, నునుపు పూత కావాలనుకునేవాళ్లు పలకరాయిది తీసుకోవడం నయం.

ఊపిరి, చేతులు, మురుగు నీళ్లు

మాంగనీస్ ధూళి ఏళ్ల తరబడి పీల్చితే నరాలు దెబ్బతింటాయి, క్వార్ట్జ్ ధూళి సిలికోసిస్ తెస్తుంది. సంచిలో రెండూ ఉన్నాయి. దంచడం, నూరడం తడిగానే చేయాలి. పొడి తూచేటప్పుడు, జల్లెడ పట్టేటప్పుడు కనీసం ఎన్95, వీలైతే పీ100 మాస్కు. చీపురు వద్దు, తడిగుడ్డ వాడాలి. మాంగనీస్ రాళ్లకి బేరియం, సీసం, ఆర్సెనిక్ లాంటివి పట్టి ఉంచుకునే గుణముంది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరీక్ష (ఎక్స్ కిరణాలతో ఏ మూలకాలున్నాయో చూసేది) చేయించకుండా దీన్ని పిల్లల రంగుల్లో, పొడి పాస్టెల్‌లో, స్ప్రేలో వాడకూడదు. కడిగిన నీళ్లు సింకులో పోస్తే బంకమట్టి గొట్టాన్ని పూడ్చేస్తుంది. బకెట్‌లో తేటపడనిచ్చి, పైనీళ్లు పారబోసి, మడ్డిని ఆరబెట్టి ఘన చెత్తగా వదిలించాలి.

మొదటి విడత బూడిద పొడిలోనూ రెండు రాళ్లూ కలిసే ఉన్నాయి, అంటే పైరైట్ కూడా. దాన్ని సున్నానికీ నూనెకీ ఇవ్వలేదు. గమ్‌లో నూరి, బొమ్మ మొదట్లో పలచటి నీడలు వేసుకోవడానికి విడి బిళ్ళలుగా పోశాం. చిత్రకారుడికి వెళ్లిన సీసాల మీద రాసినవి ఇవి: 'మాంగనీస్ నలుపు, 20 మైక్రాన్ల లోపు, నూనెకీ నీటికీ సున్నానికీ, తొందరగా ఆరుతుంది, పొడి పీల్చవద్దు', 'పలకరాయి నలుపు, 45 మైక్రాన్ల లోపు, నూనెకీ నీటికీ మాత్రమే, పైరైట్ ఉంది, సున్నంలో వద్దు, నిలవలో తడి తగలనివ్వవద్దు'.